మున్షీగారు రాయనన్న మాట

డెబ్బై దాటిన వరాహనరసింహంగారికి పొద్దున్న తిన్న కూరేమిటో మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు గానీ, నలభై ఏళ్ల కిందటి కొరాపుట్ ఉదయాలు మాత్రం కళ్లకు కట్టినట్టుండేవి. కొండల మీంచి దిగిన మంచు మిషను బంగళా వరండా దాకా వచ్చేసేది. బల్ల కింద కుంపటి, బల్ల మీద సిరాబుడ్డి. అటు జర్మనీ దొర, ఇటు దొరసాని, ఎదురుగా శాలువా కప్పుకుని తెలుగు చెప్పే మున్షీగా తాను.

ఆయన పుట్టింది రాయగడలో. తండ్రి సంస్థానం కచేరీలో గుమస్తా. అన్నదమ్ములిద్దరూ ఆ కచేరీలోనే కుదురుకున్నారు. ఈయనకు మాత్రం లెక్కల కన్నా మాటల మీద మమకారం. దొరలకు తెలుగు నేర్పే పని ఉందని విని, భార్య లక్ష్మీకాంతమ్మను వెంటబెట్టుకుని ఎద్దుబండి మీద కొరాపుట్ చేరారు.

దొర నేర్చుకున్నది పుస్తకాల తెలుగు. మంచినీళ్లు కావాలన్నా అర్జీ రాసినట్టు అడిగేవాడు. దొరసాని అలా కాదు. సంతలో కూరలమ్మే ఆడవాళ్ల మధ్య కూర్చుని నేర్చుకుంది. "ఏమి" అనాలమ్మా అని మున్షీగారు ఎన్నిసార్లు దిద్దినా, "ఏటండీ?" అని నవ్వేది. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా ముసలాయనకు పెదవి కదిలేది.

ముగ్గురూ కలిసి, కొత్తగా మతంలో చేరేవాళ్ల కోసం చిన్న ఉపదేశాల పుస్తకం ఒకటి తెలుగులో రాయసాగారు. మొదటి తగువు మోక్షం దగ్గర వచ్చింది. అంతకన్నా గొప్ప మాట తెలుగులో లేదన్నారు మున్షీగారు. దొర ఒప్పుకోలేదు. మోక్షమంటే మనిషి సాధించి చేరుకునేది, తాము చెప్పేది లేవలేనివాడి దగ్గరికి దేవుడే రావడం, కాబట్టి రక్షణ అనాలన్నాడు. మున్షీగారు ఆలోచించి సరేనన్నారు. దేవుడు మనిషిగా దిగి రావడం ఆయనకేమీ వింత కాదు. రాముడు రాలేదా, కృష్ణుడు రాలేదా?

రెండో తగువు మాత్రం తెగలేదు. సిలువ మీద ఆ దేవుడు ఏమయ్యాడో రాయాల్సిన చోట మున్షీగారు "దేహము చాలించెను" అని రాశారు. "చనిపోయెను" అని రాయమన్నాడు దొర.

"దేవుడికి చావేవిటండీ? ఒంటిమీది బట్ట విడిచినట్టు దేహాన్ని విడిచి వెళ్లిపోతాడు. చచ్చిపోయేడని నా చేత్తో రాయను" అన్నారు మున్షీగారు.

"ఆయన బట్ట విడువలేదు, మున్షీగారూ. మనవలెనే చనిపోయెను. దేవుడు కానిచో ఆ మరణము మనలను రక్షింపదు. మనుష్యుడు కానిచో అది మరణమే కాదు" అన్నాడు దొర.

ఇద్దరూ పట్టు వదల్లేదు. ఆ పేజీ అలాగే ఉండిపోయింది.

అయిదో ఏడు వానాకాలంలో దొరసానికి మన్యం జ్వరం తగిలింది. తొమ్మిది రోజులు. బంగళాలో ఉన్న మందులన్నీ అయిపోయాయి. పదో రోజు పొద్దున ఆమె పోయింది.

ఊళ్లో సగంమంది జ్వరాలతో పడి ఉన్నారు. పెట్టె మొయ్యడానికి ముగ్గురే తేలారు: దొర, వంటవాడు, మతంలో చేరి సమూయేలు అని పేరు మార్చుకున్న కొండ ఊరి బుద్రా. మున్షీగారు గొడుగు వేసుకుని ఎడంగా నడుస్తున్నారు. బ్రాహ్మణుడు, పరాయి శవాన్ని తాకరాదు. ఏటవాలు దారిలో బురదకి దొర కాలు జారింది. పెట్టె ఒక పక్కకి ఒరిగింది. లోపల ఆమె కదిలిన చప్పుడు మున్షీగారి చెవిన పడింది.

గొడుగు కింద పడేసి ఆయన నాలుగో మూలకి భుజం పట్టారు.

ఇంటికొస్తే లక్ష్మీకాంతమ్మ పెరట్లో నీళ్లు తోడి పెట్టి, పది రోజులు పశువులపాక పంచన ఆకు వేసి దూరం నుంచి వడ్డించింది. ఆ పది రోజులూ ఆయన భుజం తడుముకుంటూ కూర్చున్నారు. చిన్న మనిషి, ఎంత బరువుగా ఉంది! దేహాన్ని బట్టలా విదిలించుకుపోయే దేవుడికి ఈ బరువు ఎలా తెలుస్తుంది? తెలియనివాడు ఈ దొరని ఏమని ఓదారుస్తాడు?

పదకొండో రోజు బంగళాకి వెళ్లి, ఆగిపోయిన పేజీ తీసి, పాత మాట కొట్టేసి "చనిపోయెను" అని రాశారు. దొర ఆ మాట పైకి చదివాడు.

"అక్కడ ఆపవద్దు, మున్షీగారూ" అన్నాడు. "మూడవ దినమున లేచెనని కూడ వ్రాయుడు."

మున్షీగారు కలం మళ్లీ సిరాలో ముంచి ఆ వాక్యం కూడా రాశారు.

అప్పటికీ ఆయన మతం పుచ్చుకోలేదు. భుజం పట్టిన సంగతి రాయగడ చేరి, అన్నదమ్ములు పంక్తి భోజనానికి పిలవడం మానేశారు. ఇటు మిషనువాళ్లకూ ఆయన బయటివాడే. పదహారేళ్లు అలాగే గడిచాయి. ఇంగ్లీషువాళ్లకి జర్మనీతో యుద్ధం వచ్చి ఆ దేశపు దొరలందరినీ పంపేసినప్పుడు, ముసలి దొర ఆయన చేతులు రెండూ గట్టిగా పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తరవాత ఆదివారాలు కూడుకునేవాళ్లలో ధారాళంగా చదవగలిగినవాడు లేకపోయాడు. మున్షీగారే వెళ్లి తెలుగులోనో ఒడియాలోనో చదివి వినిపించేవారు. అయిదేళ్లు అలా చదివాక ఒకనాడు సమూయేలుని పక్కకి పిలిచి, తనకి బాప్తిస్మం ఇమ్మన్నారు. అప్పటికి సమూయేలు చదువు నేర్చుకుని అక్కడ పాస్టరయ్యాడు.

సమూయేలు వెనక్కి తగ్గాడు. "మీ తలమీద నా సెయ్యా, బాబూ? పెద్ద దొరెవరైనా వొచ్చినప్పుడు..."

"నీ చెయ్యే కావాలి నాయనా. ఆ రోజు నా పక్క భుజం నీదే" అన్నారాయన.

ఆ సాయంత్రం నుంచి ఇల్లు గడప దగ్గర రెండయింది: లోపల ఆవిడ, వసారాలో ఆయన. లక్ష్మీకాంతమ్మ మడి లక్ష్మీకాంతమ్మది, ఆయన ప్రార్థన ఆయనది. అన్నం మాత్రం ఆవిడే వండి గడప ఇవతల పెట్టేది. రాయగడకి రైలొచ్చిందని అందరూ చూసొచ్చినా ఆయన వెళ్లలేదు. దిగడానికి అక్కడ ఇల్లు లేదు.

ఆఖరి చలికాలం ఒక మధ్యాహ్నం, ఆయన ఎండలో కూర్చుని ఉండగా ఆవిడ గడప మీదికొచ్చి అడిగింది. "యాభై ఏళ్లు కాపరం చేసేం. పోయేక మీరో చోటికీ, నేనో చోటికీనా?"

ఆయన శాలువా సర్దుకుని ఆవిడ వైపు తిరిగారు.

"మనం పోయేది కాదు, దేవుడే వచ్చేది, కాంతం. ఎవరింటికి రావాలో ఆయనకి నేను చెప్పను" అన్నారు. గడప వంక చూసి, "నీ గుమ్మం దాటి పొమ్మని మాత్రం చచ్చినా చెప్పను" అన్నారు.

ఆవిడ ఇల్లు రెండయిన పదిహేనేళ్లలో మొదటిసారి గడప దిగొచ్చి, ఆయన పక్కనే ఎండలో చతికిలబడింది.