బడిలో హారతి గొంతు

పని కోసం పరాయి రాష్ట్రం వచ్చిన శ్యాంసుందర్ కుటుంబం బమ్రోలిలో ఉండేది సాంచాల కార్ఖాన పై అంతస్తులో. కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, రాత్రీ పగలూ ఆడుతూనే ఉంటాయి. ఆ మోతలో మామూలుగా మాట్లాడితే పక్క మనిషికి కూడా వినపడదు. అందుకని ఆ ఇంట్లో అందరూ గొంతెత్తే మాట్లాడతారు. శ్యాంసుందర్ కూతురు హారతి ఆ మోతలోనే నిద్రపోయింది, ఆ మోతలోనే మాటలు నేర్చింది. ఆ పిల్ల 'అమ్మా' అని పిలిస్తే గల్లీ చివరి పాన్ డబ్బా దాకా వినిపించేది.

అలాంటి పిల్లను ఒకటో తరగతిలో వేసిన కొన్నాళ్లకే టీచర్ భావనాబెన్ హారతి తల్లి ఊర్మిళను బడికి పిలిపించింది. అది హిందీ బడి. ఊర్మిళను కుర్చీలో కూర్చోబెట్టి ఆమె హిందీలో మెల్లగా అడిగింది.

"మీ పాపకు మాటలు సరిగ్గా రావా? అసలు వినపడుతుందా?"

ఊర్మిళ తెల్లబోయింది. "ఎవరికి, మా హారతికా?" అంది.

"పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. రాయమంటే రాస్తుంది. నోరు మాత్రం తెరవదు. మొదటి రోజు తప్ప నేను దాని గొంతే వినలేదు."

సాయంత్రం పని దిగి వచ్చిన శ్యాంసుందర్ ఆ మాట విని నవ్వాడు.

"ఇదా? మాట్లాడ్తలేదా? దీని నోరు ఆగుతదా?"

"టీచరమ్మ అబద్ధం చెప్తదా? చెవులు ఇనపడ్తయా అని అడిగింది" అంది ఊర్మిళ.

చెవులు అనగానే అతని నవ్వు ఆగిపోయింది. సాంచాల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు వినికిడి తగ్గడం అతనికి కొత్త సంగతి కాదు. తన ఎడమ చెవిలోనే ఎప్పుడూ ఏదో ఈల మోగుతూ ఉంటుంది. కింద మగ్గాలు పెట్టుకుని పైన పసిపిల్లను పడుకోబెట్టామే అనుకున్నాడు. మర్నాడు పని మానేసి కూతుర్ని ఆస్పత్రికి తీసుకుపోయాడు.

అక్కడ అద్దాల గదిలో హారతి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. చప్పుడు వినిపించినప్పుడల్లా ఒక ప్లాస్టిక్ బిళ్ల డబ్బాలో వెయ్యాలన్నారు. శ్యాంసుందర్ అద్దం ఇవతల నిలబడి చూశాడు. డాక్టరమ్మ మిషన్ మీద చెయ్యి తిప్పేది, పిల్ల బిళ్ల వేసేది. ఒకసారి డాక్టరమ్మ చెయ్యి తిప్పినా హారతి కదల్లేదు. అతను అద్దానికి ముఖం ఆనించాడు. పిల్ల తల పక్కకు వాల్చి, ఊపిరి బిగబట్టి, ఇంకో బిళ్ల టక్కున వేసింది.

"చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి" అంది డాక్టరమ్మ. "మీరు కూడా ఒకసారి చూపించుకోండి. ఇందాకటి నుంచి నా మాట రెండేసి సార్లు అడుగుతున్నారు."

బయటికి వచ్చి శ్యాంసుందర్ ఆస్పత్రి మెట్ల మీదే కూలబడి రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"బాపూ, నేను గెల్సిన్నా?" అంది హారతి.

"గెల్సినవ్ బిడ్డా, గెల్సినవ్."

పెద్ద భయం తీరింది గానీ బడిలో పిల్ల నోరు మాత్రం తెరుచుకోలేదు. ఎందుకు మాట్లాడవే అని ఇంట్లో ఎవరడిగినా ముఖం తిప్పుకునేది.

ఆ ఆదివారం అందరూ ఎప్పటిలాగే షేర్ ఆటో ఎక్కి జోల్వా వెళ్లారు. ఊర్మిళ తల్లి ఎల్లవ్వ అక్కడ పెద్దకూతురు మంగ దగ్గర ఉంటుంది. సర్వపిండి తిన్నాక ఎల్లవ్వ మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె పెట్టింది. ఆమె ఏమీ గుచ్చి అడగలేదు.

"మీ బడి ముచ్చట చెప్పవే" అంది అంతే.

"బడిల నేను మాట్లాడ అమ్మమ్మా."

"గట్లనా? మంచిదే. ఎందుకట?"

"నేను మాట్లాడ్తె అందరు చెవులు మూసుకుంటరు."

మొదటి రోజు టీచర్ పేరడిగితే హారతి లేచి ఇంట్లో చెప్పినట్టే చెప్పిందట. క్లాసంతా ఉలిక్కిపడింది. ఎవరో రెండు చెవులూ మూసుకున్నారు. అది చూసి మిగతావాళ్లూ మూసుకుని పకపకా నవ్వారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ బడిలో నోరు తెరవకూడదని పిల్ల ఆ రోజే తీర్మానించుకుంది.

గుమ్మంలో నిలబడి వింటున్న ఊర్మిళ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే నవ్వేసింది. "గింతేనా తల్లీ! మేం ఏమేమో అనుకుంటిమి."

"మెల్లగ మాట్లాడితె అయిపాయె గద" అంది ఎల్లవ్వ. "ఏదీ, జర మెల్లగ నీ పేరు చెప్పు."

హారతి ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి గట్టిగా అనేసరికి పక్కింటి కుక్క మొరిగింది. మధ్య గొంతు ఒకటి ఉంటుందని ఆ పిల్లకు తెలియదు, దాని అవసరం ఎప్పుడూ పడలేదు మరి.

మంగ కూతురు సింధూజ అయిదో తరగతి. బడి ఖో-ఖో జట్టులో ఆడుతుంది. "దాన్ని నాతోని తోలుండ్రి" అని చెల్లెల్ని గల్లీలోకి లాక్కుపోయింది. అప్పటికే పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. పట్టుకునేవాళ్లు అలిసిపోతే, కూర్చున్న తమవాళ్లలో ఒకరి వీపు తట్టి 'ఖో' అనాలి, అప్పుడు వాళ్లు లేచి ఉరకాలి. హారతి పరుగెత్తుకొచ్చి సింధూజ వీపు తట్టింది. సింధూజ లేవలేదు.

"లెవ్వక్కా!"

"ఖో అనకపోతె ఎట్ల లేస్తనే? నోటితోని అనాలె. అనకుంటె ఫౌల్."

"ఖో!" అంది హారతి. గల్లీ దద్దరిల్లింది. సింధూజ బాణంలా లేచింది. ఆ సాయంత్రం మోకాలు గీరుకుపోయినా హారతి ఇంటికి రానని మొండికేసింది.

ఆ తర్వాత ఒక రోజు ఆటల పీరియడ్‌లో భావనాబెన్ ఒకటో తరగతిని ఖో-ఖోకు దింపింది. హారతి వంతు వచ్చింది. ఉరికి ఉరికి, కూర్చున్న సుమన్ అనే పిల్ల వీపు తట్టింది. మాట రాలేదు. లేవాలో వద్దో తెలియక సుమన్ వెనక్కి తిరిగి చూసింది. ఈలోగా అవతలి జట్టు పిల్ల పక్క నుంచే తప్పించుకుపోతోంది. ఆ తొందరలో హారతి అంతా మరిచిపోయింది.

"ఖో!"

వరండాలో ఉన్న రెండో తరగతి పిల్లలు కూడా తిరిగి చూశారు. సుమన్ దూకి ఆ పిల్లను పట్టేసింది. హారతి మాత్రం అక్కడే నిలబడి అందరి చేతుల వంకా చూసింది. ఒక్కరూ చెవులు మూసుకోలేదు. అందరూ గంతులేస్తున్నారు. "ఔర్ జోర్ సే బోల్!" అని, ఇంకా గట్టిగా అనమని, ఆమె జట్టువాళ్లే అరుస్తున్నారు.

బడి విడిచాక భావనాబెన్ గేటు దగ్గర ఊర్మిళకు ఈ సంగతి చెప్పింది. ఊర్మిళ పిల్ల చెయ్యి పట్టుకుని దాదాపు పరుగున కార్ఖానకు వచ్చింది. మగ్గం ముందున్న శ్యాంసుందర్ చెవి దగ్గర అరిచింది.

"ఏందీ?" అన్నాడతను.

"మాట్లాడిందట! బడిల మన పిల్ల మాట్లాడింది!"

శ్యాంసుందర్ నడుస్తున్న సాంచాను ఆపాడు. "జర మళ్ల చెప్పు" అన్నాడు.

మర్నాడు హాజరు పిలిచినప్పుడు హారతి నోటితోనే పలికింది. గొంతు కాస్త పెద్దదే అయింది. ఎవరో కిసుక్కుమంటే తనూ నవ్వింది.

ఇప్పుడు హారతి రెండో తరగతి. క్లాసులో ఒక గొంతు, మైదానంలో ఒక గొంతు, ఇంట్లో ఇంకొకటి. అప్పుడప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి వచ్చేస్తుంది. మొన్న ఖో-ఖోలో మూడో తరగతి అమ్మాయిల చేతిలో ఓడిపోయి వచ్చి, మూతి ముడుచుకుని మూల కూర్చుంది. ఎంతసేపటికీ పలకలేదు. ఈసారి ఊర్మిళ ఏమీ కంగారు పడలేదు. అన్నం కలిపి పిల్ల ముందు పెట్టి తన పని తాను చూసుకుంది.