పాలపిట్ట నీలం

హైదరాబాదు నుంచి విజయవాడ దాకా తిరిగే లారీల్లో నా చేతి రంగు పడనిది లేదని చెప్పుకుంటూ బతికాను. సూర్యాపేటలో బైపాసు పక్కన రేకుల షెడ్డు నాది. నిజం చెప్పాలంటే, లారీకి రంగు కొట్టేది వేరేవాళ్లు. నా పనంతా వెనక డోరు మీదే. దాని మీద నెమళ్లూ చిలకలూ తామరపూలూ వేసి, కింద ‘హారన్ ప్లీజ్’ అని రాసేవాణ్ణి. ఏ పిట్టకు ఏ డబ్బా మూత తీయాలో కళ్లు మూసుకుని చెప్పగలనని మాత్రం గట్టి నమ్మకం ఉండేది. మొన్నటి దసరాకు ఆ నమ్మకం కాస్త దెబ్బతింది.

మా అక్కది మిర్యాలగూడ. వానాకాలం మొదట్లో స్నానాల గది గడప దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. దవాఖానలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది, ఇక వాకర్ పట్టుకుని నడవాల్సిందే, లేకపోతే కాలు బిగుసుకుపోయి మంచానికే పరిమితమవుతుంది అని డాక్టరు చెప్పాడు. అక్క మాత్రం కాలు నేల మీద పెట్టదు. ఎందుకని అడిగితే ఒకటే మాట.

“నిరుడు దసరాకు పాలపిట్టను సూడలే. అందుకే పడ్డ. ఈసారి సూసినంకనే లేస్త.”

దసరా నాడు పాలపిట్ట కనబడితే ఏడాదంతా మంచి జరుగుతుందని మా వైపు నమ్మకం. సాయంత్రం కొత్త బట్టలు కట్టుకుని పొలాల వైపు వెళ్లి, మెడలు పైకెత్తి కరెంటు తీగలన్నీ వెతుకుతాం. నిరుడు ముసురు పట్టి అక్కకు పిట్ట కనబడలేదు. తర్వాత పడిన ప్రతి కష్టాన్నీ ఆ ముసురు ఖాతాలోనే వేసింది.

అక్క కూతురు కోదాడలో ఓ ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెబుతుంది. తల్లిని చూసుకోవడానికి సెలవు పెట్టి వచ్చి, రెండు రోజులకే నాకు ఫోన్ చేసింది.

“మావయ్యా, అమ్మ నా మాట అస్సలు వినట్లేదు. నువ్వొచ్చి చెప్పవా?”

చిన్నప్పుడు నన్ను ‘మామా’ అని పిలిచిన పిల్లే. ఆంధ్రా పొలిమేరలోని కోదాడ నీళ్లు తాగి మావయ్య అంటోంది.

“ఫికర్ చెయ్యకు బిడ్డా. మీ అమ్మ మంచంల పండుకొనే పాలపిట్టను సూస్తది. నేను సూపిస్త” అన్నాను.

నా ఆలోచన ఏమిటంటే, పెద్ద రేకు మీద పాలపిట్టను వేసి అక్క మంచానికి ఎదురుగా తగిలించడం. చిక్కల్లా నీలం దగ్గరే వచ్చింది. నా డబ్బాల్లో ఉన్న నీలాలన్నీ కలిపి చూశాను. ఒకటి గోడకు కొట్టినట్టుంది, ఒకటి స్కూలు లాగులా ఉంది. ఆ రోజుల్లోనే ఓ ఢాబా బోర్డు రాయడానికి మునగాల వెళితే, నాకు పాలపిట్ట ఈకలు దొరికాయి. ఎగిరే పిట్ట నా అరచేతిలో రాల్చి వెళ్లిందని షెడ్డులో అందరికీ చెప్పాను. అసలు సంగతి, అవి ఢాబా వెనక అంట్లు తోమే చోట, తీగల కింద బురదలో పడి ఉన్నాయి. కడిగితే చాలు, ఏమి నీలం! దీన్నే నూరి వార్నిష్‌లో కలిపితే సరి, పిట్ట నీలం పిట్టకే అనుకున్నాను.

రేకు, కుంచెలు, రంగు డబ్బాలు, ఈకలు పట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. అక్క మంచం పక్కనే చిన్న రోలు పెట్టుకుని, ఈకను సన్నగా కత్తిరించి నూరడం మొదలుపెట్టాను. అక్క మెడ తిప్పి చూసింది.

“ఏందిరా, నశ్యం నూరుతున్నవా?”

“నీలం నూరుతున్న.”

“యాడున్నది నీలం?”

చూస్తే నిజంగా నశ్యమే. రోట్లో ఉన్నది మట్టిరంగు పొడి. ఇంకా బురద ఉందేమోనని ఇంకో ఈకను సబ్బుతో కడిగి, ఆరబెట్టి నూరాను. మళ్లీ నశ్యమే.

“పారబొయ్యకు” అంది అక్క. “గడ్డిల కలిపి బర్రెకు పెడితే పాలెక్కువ ఇస్తది. ఊకెనే అన్నరా పాలపిట్టని?”

“యే బర్రెకు పెడ్తవే? మీ ఇంట్ల తాగేది పాకిట్ పాలు.”

“అయితే పాకిట్ల కలుపు.”

మేనకోడలు వంటింట్లోంచి నవ్వుతూ వచ్చి, మిగిలిన ఒక్క ఈకనూ తీసుకుంది.

“మావయ్యా, దీంట్లో నీలం రంగే లేదు.”

“కండ్లు గిట్ల కనబడ్తలేవా?”

ఆమె ఈకను కిటికీకి అడ్డంగా పట్టింది. వెలుతురు దాని వెనక నుంచి రాగానే నీలం మాయమై, ఎండుటాకు రంగు వచ్చింది. ఇటు తిప్పి ఎండ ముందు నుంచి పడేలా పట్టింది. మళ్లీ నీలం.

“కాకి నలుపు, పిచ్చుక గోధుమరంగు, అవి నిజంగా రంగులే. మన జుట్టులో ఉన్నట్టే ఈకలో ఉంటాయి, నూరినా పోవు. గిజిగాడి పసుపు అది తినే తిండిలోంచి వస్తుంది. ఈ నీలం అలా కాదు. ఈక లోపల కంటికి కనబడనంత సన్నటి గాలి బుడగలు ఉంటాయి, గట్టిపడిన నురగలాగా. వెలుగు దాని మీద పడితే నీలం ఒక్కటే బలంగా మనవైపు తిరిగొస్తుంది. నువ్వేమో నూరి నురగంతా చితక్కొట్టావు. అడుగునున్న గోధుమరంగు మిగిలింది.”

“మరి రామసిలక పచ్చ?”

“అదే నురగ నీలం. దాని మీద పసుపు రంగు. రెండూ కలిసి పచ్చ.”

“గది నాకెరుకే” అన్నాను. ఎరుక లేదు. నీలంలో పసుపు కలిపి వందల చిలకలను చేసినవాణ్ణే కానీ, చిలక కూడా అదే పని చేసుకుంటోందని అప్పుడే తెలిసింది. వందల చిలకలు కూడా కాదు. ఎక్కువమంది నెమలే అడిగేవారు.

అక్క అంతా విని, దిగులుగా పైకప్పు వైపు చూసింది.

“అంటె గా పిట్ట మీద నీలమే లేదా? ఇన్నేండ్ల సంది లేనిదానికి మొక్కిన్నా?”

“ఉందమ్మా. వెలుగు పడినప్పుడు ఉంది.”

“అట్లయితె ఎండల సూడాలె. మీ మామ రేకు మీద సూస్తె యాడికెల్లి వస్తది?”

అయినా పట్టుదలగా డబ్బా నీలంతోనే రాత్రికల్లా రేకు పూర్తి చేశాను. అక్క దాన్ని ఒక్కసారి చూసి, “లారీ పిట్ట” అని గోడవైపు తిరిగింది.

దసరా నాడు నాలుగింటికి ఆటో మాట్లాడాం. డ్రైవరూ నేనూ అక్కను ఎత్తి కూర్చోబెట్టాం. వాకర్, ఓ ప్లాస్టిక్ కుర్చీ వెనకాల కుక్కాం. త్రిపురారం దారిలో కాలువ గట్టు మీద ఆటో ఆగింది. అటూ ఇటూ పొట్టకొచ్చిన వరి. మా అదృష్టం కొద్దీ సరిగ్గా మా నెత్తి మీది తీగ పైనే పాలపిట్ట ఉంది. ఆటో టాపు అడ్డమై అక్కకు మాత్రం కనబడదు. నేను దిగి చూశాను. మెడ లోపలికి లాక్కుని, మట్టిరంగులో ముద్దలా కూర్చుంది.

ఇక్కడే నా నోరు ఊరుకోలేదు. అక్కకు శ్రమ ఎందుకని కూడా కొంత ఉంది.

“అక్కా! ఎగిరింది! నీలం మిలమిలమన్నది! మొక్కు, ఇగ నీ పని అయిపోయింది.”

అక్క నన్ను పట్టించుకోకుండా కూతుర్ని అడిగింది. “ఎగిరిందా బిడ్డా?”

“లేదమ్మా. కదల్లేదు.”

“నా తమ్ముని మాట మీద మొక్కితె నాకు సగం ఫలం గూడ రాదు. వాకర్ ఇయ్యి.”

మేనకోడలు గబగబా వాకర్ లాగి ముందు పెట్టింది. అక్క ముందు మంచి కాలు దించింది. రెండో కాలు దించేటప్పుడు పళ్లు బిగబట్టింది. చెప్పు మట్టిని తాకాక కాసేపు అలాగే ఉండి, వాకర్ మీద బరువేసి లేచి, మెడ పైకెత్తింది.

“గా మట్టిబెడ్డ లెక్కున్నదేనా?”

“గదే” అన్నాను.

“పెద్దమ్మా, సప్పట్లు గొట్టి లేపన్నా?” అన్నాడు డ్రైవరు.

“దాని జోలికి పోకు కొడుకా. దానికి బుద్ధి పుట్టినప్పుడే లేవనీ.”

నిలబడ్డాం. కాలువలో నీళ్లు పోతున్నాయి. అక్క బరువుకు వాకర్ కాళ్లు కటకటమంటున్నాయి. మేనకోడలు కుర్చీ తెచ్చి వెనకాల పెట్టింది. అక్క కూర్చోలేదు.

పిట్ట లేచింది. అక్క తల చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణ చేసి కాలువ దాటిపోయిందని సూర్యాపేటలో చెబుతుంటాను. అదేమీ లేదు. గట్టు మీది గడ్డిలోకి దిగి, మిడతను నోట కరచుకుని, మళ్లీ అదే తీగ మీదికి వచ్చి కూర్చుంది, అంతే. కానీ ఆ దిగడంలో రెక్కలు విప్పింది. వాలుటెండ వాటి మీద పడింది. ముదురు నీలం, దాని పక్కన లేత నీలం, మళ్లీ ముదురు. నా డబ్బాల్లో అలాంటిది ఏదీ లేదు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

అక్క ఒక చేయి వాకర్ మీంచి తీసి నుదుటికి ఆనించుకుంది. తీగ మీద పిట్ట మళ్లీ మట్టిముద్దలా అయిపోయింది.

“సూసినవుగద, ఇగ కూసో అక్కా” అన్నాను కుర్చీ దగ్గరికి జరుపుతూ.

“ఆగురా జర. ఇంకోపారి లేస్తదేమో.”