కంచె సందులో నిప్పు

మా చర్చి సంఘం సమాధుల తోటలో మా చిన్నమ్మకు చోటివ్వలేదు. మంగళవారం ఆమె జ్వరంతో పోయింది. కిరండుల్‌లో వెల్డింగ్ పని వదిలి నేను కిష్టారం దగ్గరి మా ఊరు చేరేసరికి, ఆమె గుడిసె వెనక చేను గట్టున పూడ్చేశారు. రెండో భార్య కాబట్టి తోటలో కుదరదని సంఘ పెద్దలు అన్నారట.

నాన్నకు ఆమె రెండో భార్య. నేను మొదటి భార్య కొడుకుని. అయినా చిన్నప్పుడు మలేరియా వస్తే నన్ను భుజాన వేసుకుని ఆస్పత్రికి నడిచింది చిన్నమ్మే. నాన్న బాప్తిస్మం అడిగినప్పుడు, ఒక భార్యను వదిలితేనే ఇస్తామని పెద్దలన్నారు. ఎవరిని వదలాలో నాన్నే తేల్చాడు. చిన్నమ్మ కంచె అవతల గుడిసె వేసుకుంది. ఆరాధనకు మాత్రం వచ్చి చివరి చాప మీద కూర్చునేది.

రోజూ పొద్దున్నే కుండపెంకు పట్టుకుని మా పొయ్యిలో నిప్పు కోసం వచ్చేది. నాన్న కంచె బిగించినప్పుడల్లా ఆడవాళ్ళిద్దరూ కలిసి మళ్ళీ సందు చేసేవాళ్ళు. అగ్గిపెట్టె కొనిస్తానని ఒకసారి అన్నాను.

"ఉన్నది రా. అది మీ అమ్మ లెక్క తిడతదా?"

లోపలి నుంచి అమ్మ వెంటనే తిట్టింది. చిన్నమ్మ నవ్వుకుంటూ నిప్పు తీసుకుపోయింది.

ఒక ఆదివారం పాస్టర్ గారు అమెరికాలోని మోర్మన్లనే మతశాఖ వాళ్ళ సంగతి చెప్పారు. దేవుడి ఆజ్ఞ అని వెనకటికి వాళ్ళ మగవాళ్ళు ఒక్కొక్కరు చాలామందిని పెళ్ళాడారట. సర్కారు గట్టిగా పట్టుకునేసరికి, ఇక చాలని వాళ్ళ పెద్ద ప్రకటించాడట. వినని వాళ్ళు వేరుపడి మారుమూల ఊళ్ళలో ఇప్పటికీ అలాగే ఉన్నారట. బయటికొచ్చాక చిన్నమ్మ నన్నడిగింది.

"మరి అన్నినాళ్ళు కాపురం చేసిన ఆడోళ్ళు ఏడికి పోయిన్రు రా?"

నేను అయిదో క్లాసుతో బడి మానినవాణ్ణి. ఫోన్‌లో కూడబలుక్కుంటూ చదివాను. వేరుపడిన కొన్ని గుంపుల్లో చిన్న ఆడపిల్లలను ముసలి పెద్దలకు కట్టబెట్టారు. పోలీసులొచ్చి తల్లుల దగ్గర్నుంచి పిల్లలను తీసుకుపోయారు. ఆపినవాళ్ళూ ఆడవాళ్ళను అడగలేదు, ఆపనివాళ్ళూ అడగలేదు. ఆమెకేం చెప్పాలి? దొరకలేదన్నాను. ఇంకా దేవులాడమంది.

రెండు పెళ్ళిళ్ళు మంచివని నేననడం లేదు. నాన్న చేసింది తప్పే. నా కోపం నాన్న మీదా, పెద్దల మీదా, మాట్లాడకుండా మూట సర్దుకున్న ఆమె మీదా అన్నది నాకే తెలియడం లేదు.

పెద్దలారా, మీరు పొమ్మంటే ఇల్లు వదిలిన మనిషికి మీ మట్టిలో చోటెందుకు లేదు? వచ్చే ఆదివారం ఆరాధనలోపు చేను గట్టుకు వచ్చి, ఆమె సమాధి ముందు ప్రార్థన చేసి జవాబు చెప్పండి. అమ్మ ఇప్పటికీ పొద్దున్నే పెంకులో నిప్పు తీసి కంచె దగ్గర నిలబడుతోంది. ఆ సందులోంచే రండి.