చర్చి కప్పు మీద మా అమ్మాయి

మొన్న శనివారం పొద్దున పెనం మీద దోసె పోసి గరిట తిప్పుతూ ఉండగా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. మోగడమంటే పిలుపు కాదు, ఒకదాని వెనక ఒకటి బొమ్మలు వచ్చి పడుతున్న చప్పుడు. మా అమ్మాయి ఆర్కిటెక్చర్ మూడో ఏడు చదువుతోంది, క్లాసు వాళ్ళందరితో కలిసి మెక్సికోలో ప్వెబ్లా అనే పాత ఊరికి, స్పెయిన్ వాళ్ళు ఏలిన కాలపు కట్టడాలు చూడటానికి వెళ్ళింది. ఆ ఊరి పక్క పల్లెలో ఒక చిన్న చర్చి ఉంది. లోపల ఫోటోలు తీయనివ్వరు కాబట్టి, మా పిల్ల మెడ విరిగేలా తల పైకెత్తి, కప్పు మీద ఉన్న సున్నపు బొమ్మల ముఖాలు పెన్సిల్‌తో గీసుకుని, బయటికొచ్చి వాటిని నాకు పంపిస్తోంది. అన్నీ బుగ్గలు ఉబ్బిన పసిముఖాలే. ఒక్కోదాని కిందా ఒకటే ప్రశ్న: "అమ్మా, ఇది నేనా?"

దోసె మాడింది. మాడు వాసనకి మా ఆయన మేడ మీంచి దిగొచ్చి, నా భుజం మీదుగా తొంగి చూసి, మూడో బొమ్మ మీద వేలు పెట్టి "ఇదే, డౌటే లేదు" అన్నారు. ఈయనకి జన్మలో దేని మీదా డౌటు రాదు. అసలు నేను చెప్పబోయే సంగతంతా ఆ డౌటు రాకపోవడం వల్ల జరిగిందే.

అప్పట్లో మేము అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను గుంటూరులో హిస్టరీ ఎం.ఏ. చదివి, ఆడపిల్లల కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, పెళ్ళయి ఇక్కడికొచ్చి, ఉద్యోగం చేయడానికి వీల్లేని డిపెండెంట్ వీసా మీద కూర్చున్నాను. నిజంగానే కూర్చున్నాను, ఎందుకంటే ఉన్న ఒక్క కారూ ఈయనతో ఆఫీస్‌కి పోయేది, కారు లేకపోతే ఆ ఊళ్ళో ఉప్పు పొట్లం కూడా కొనుక్కోలేం. నడిచి వెళ్ళగలిగే దూరంలో దేవుడు దయతలచి ఒక లైబ్రరీ పెట్టాడు. పిల్లని తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని రోజూ అక్కడికి పోయి చరిత్ర పుస్తకాల అరల దగ్గర నేల మీదే చతికిలబడేదాన్ని. అక్కడే ఒక బరువైన బొమ్మల పుస్తకంలో ఈ ఊరిని మొదటిసారి చూశాను: ఎర్ర ఇటుక గోడల్లో నీలం తెలుపు పెంకులు పొదిగిన ఇళ్ళు, నేల నుంచి కప్పు దాకా బంగారు పూత పూసిన ప్రార్థన మందిరం, ఆ పల్లె చర్చి కప్పు నిండా లెక్కలేనంత మంది పిల్లల ముఖాలు. స్పెయిన్ నుంచి వచ్చిన మతగురువులు దేవదూతల్ని చేయమంటే, అక్కడి పనివాళ్ళు దొరల పిల్లల్ని కాక తమ ఇళ్ళల్లో తిరిగే పిల్లల్నే, చామనఛాయ ముఖాలతో, తల మీద ఈకల కిరీటాలతో, చుట్టూ పళ్ళూ మొక్కజొన్న కంకులతో చేసి పెట్టారట. అది చదివి లైబ్రరీలో ఒక్కదాన్నే పైకి నవ్వాను. మాది తెల్లసున్నం గోడల చర్చి, సిలువ తప్ప మరో వస్తువు కంటికి ఆనకూడదని పట్టుబట్టే ఇంట్లో పుట్టాను. ఈ బొమ్మల పిచ్చి నాకు ఎక్కణ్ణించి పట్టుకుందో మా అమ్మకి చివరిదాకా అంతుపట్టలేదు.

ఈ ఊరు చూపించమని ఈయన్ని అడిగాను. పెళ్ళయ్యాక నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే అని నేనంటాను, కాదని ఆయనంటారు, ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. పిల్లకి అప్పుడు నాలుగేళ్ళు, మెట్లూ కొండలూ ఎక్కించడం కష్టం. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే వరంగల్ అమ్మాయి, నన్ను అక్కా అని పిలిచేది, తనే ముందుకొచ్చింది. "పోయిరాండ్రి అక్కా, ఇద్దరే పోండ్రి. పిల్ల నా కాడ ఉంటది. ఈ ఇద్దరు మొగపోరగాండ్లు ఇల్లు కూలగొడ్తున్నరు, ఒక్క ఆడపిల్ల ఉంటె నాకు జర శాంతి." వారం తిరక్కుండా వచ్చేస్తామని చెప్పి, పిల్లని, దాని కుందేలు బొమ్మని, జలుబు మందుని అప్పగించి బయల్దేరాం.

ఇక్కడే స్టాంపింగ్ అనే మాట వస్తుంది. అదేమిటో తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. అమెరికాలో ఉండటానికి అనుమతి వేరు, దేశం దాటి పోతే తిరిగి లోపలికి రావడానికి పాస్‌పోర్టులో ఉండాల్సిన వీసా ముద్ర వేరు. మాకు అనుమతి ఉంది, ముద్ర గడువు తీరిపోయింది. అయినా మెక్సికోలాంటి పొరుగు దేశానికి నెల లోపు వెళ్ళొచ్చే వాళ్ళని ఆ పాత ముద్రతోనే రానిచ్చే వెసులుబాటు ఉంది, అంటే మేము హాయిగా బొమ్మలు చూసుకుని హాయిగా తిరిగి రావచ్చు. ఒకే ఒక్క మెలిక: అక్కడి వీసా ఆఫీసులో కొత్త ముద్ర వేయమని అడిగామా, ఆ వెసులుబాటు పోతుంది, కొత్తది చేతికి వచ్చేదాకా వెనక్కి రాలేం.

మా ఆయన అడిగారు. ఎందుకు అడిగారంటే, ఎలాగూ వెళ్తున్నాం కదా! ఈ మాట మన వాళ్ళ నరనరానా ఉంది. ఎడిసన్‌లో పెళ్ళికి పోతే ఎలాగూ వెళ్తున్నాం కదా అని ఆరు నెలలకి సరిపడా కందిపప్పు కారులో వేసుకొస్తాం, షాంటిలీలో చుట్టాల్ని చూడటానికి పోతే ఎలాగూ వెళ్తున్నాం కదా అని వాళ్ళ డాక్టరుకి పన్ను చూపించుకుంటాం, ఒక పని కోసం ఒక చోటికి వెళ్ళడమంటే మనకి పాపం చేసినంత బాధ. "ఎలాగూ వెళ్తున్నాం కదా, స్టాంపింగ్ కూడా అయిపోతుంది. మా టీమ్‌లో అందరూ ఇలాగే చేశారు, నెక్స్ట్ డే ఇచ్చేస్తారు. నీదీ కలిపే బుక్ చేసేశా" అన్నారు. నేను వాదించాను, నేను వాదించని రోజు లేదు, కానీ వాదించింది సెలవు పాడవుతుందని. ప్రమాదం ఉందని నాకూ తెలియదు.

ముందు రెండు రోజులు ఊరు చూశాం. పుస్తకంలో చూసినదానికన్నా నిజం ఊరు పెద్దగా, గోలగా, వేయించిన ఎండుమిర్చి వాసనతో ఉంది. అక్కడ ఎండుమిర్చి, నువ్వులు, వేరుశనగ, కాస్త చాక్లెట్ కూడా వేసి నూరి కూర చేస్తారు. చాక్లెట్ సంగతి తెలియకపోతే గుత్తివంకాయ అనుకుని లొట్టలేయవచ్చు. బంగారు మందిరంలో నిలబడి, ఈ బంగారమంతా ఎవరి నేలలోంచి, ఎవరి వీపు మీద చెమటతో వచ్చిందో గోడ మీద రాసిపెట్టరేం అని నేను గైడుతో గొడవ పడుతుంటే ఈయన తెలియని మనిషిలా దూరంగా పోయి నిలబడ్డారు. ఆ మధ్యాహ్నమే పల్లె చర్చికి పోయాం. తలెత్తి చూస్తే ఒక పిల్ల, అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని మింగనంటే మింగనని మొండికేసినట్టు, అచ్చం మా పిల్లే. ఇద్దరం ఒకేసారి చూశాం, ఒకేసారి ఒకరి చెయ్యి ఒకరం గిల్లుకున్నాం. మా కాపురంలో వాదన లేకుండా ఒప్పుకున్న సంగతులు తక్కువ, అది ఒకటి.

మర్నాడు బస్సెక్కి వీసా ఆఫీసుకి పోయాం. కిటికీ అవతలి మనిషి ఈయన ఉద్యోగం గురించి రెండు ప్రశ్నలు వేసి, ఇంకా పరిశీలించాల్సి ఉంది, కబురు చేస్తాం అన్నాడు. ఎప్పుడు అంటే చెప్పలేనన్నాడు. అలా వారం అనుకున్నది నెలన్నర అయింది.

ఆ నెలన్నరలో మాకు ఆ ఊళ్ళో చేయడానికి ఏ పనీ లేదు, బొమ్మలు చూడటం తప్ప. నేను కోరి తెచ్చుకున్న ఊరు! పొద్దున లేస్తే నీలం పెంకులు, సాయంత్రమైతే నీలం పెంకులు, దూరాన పొగ కక్కుతున్న అగ్నిపర్వతం. పెంకుల గోడల మధ్య ఉన్న ఒక పాత మఠం వంటిల్లు ఎంత అందంగా ఉంటుందో లైబ్రరీలో కూర్చుని కలలు కన్నాను. తీరా దాని ముందు నిలబడితే మా ఇంట్లో స్టవ్ పక్కన స్టూలెక్కి నిలబడే పిల్ల తప్ప ఇంకేమీ కనిపించలేదు. పిల్లనే ఇక్కడికి తెప్పించుకుందామంటే తెచ్చేవాళ్ళు ఎవరు? మాకు తెలిసిన వాళ్ళందరివీ మాలాంటి ముద్రలే, మా సంగతి విన్నాక గడప దాటే ధైర్యం ఎవరికీ లేదు. ఈయన ఇంటర్నెట్ షాపులో కూర్చుని ఆఫీసు పని చేసేవారు, నేను పక్కన అద్దాల గదిలో ఫోన్ పట్టుకునేదాన్ని. మొదట్లో పిల్ల "అమ్మా, ఎప్పుడొస్తావ్?" అనేది. తర్వాత్తర్వాత "ఓకే అమ్మా" అనేది. ఆ తర్వాత ఫోన్ దగ్గరికి రావడం మానేసింది. "ఆడుకుంటుంది అక్కా, పిలిస్తె వస్తలేదు. ఏడుస్తలేదు, మంచిగనే తింటుంది, మీరు పరేషాన్ గాకుండ్రి" అని చెప్పేది వరంగల్ అమ్మాయి. ఏడవడం లేదన్న మాట వినడానికి నేను పొద్దుటి నుంచీ ఎదురుచూసేదాన్ని, వినగానే గుండె జారిపోయేది.

నోరున్న మనిషిని కదా, పోట్లాడితే దారి దొరుకుతుందనే నా నమ్మకం. వీసా ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒక గొంతు ఎంతో మర్యాదగా, మీ కేసు ఇంకా పెండింగ్‌లో ఉంది మేడమ్ అనేది, మర్యాదతో పోట్లాడటం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. ఈయనతో పోట్లాడదామంటే ఆయన ఎదురు చెప్పడం మానేశారు. ఒకరోజు ఊరి మధ్య పార్కులో, నలుగురూ వినేలా, "ఎలాగూ వెళ్తున్నాం కదా అన్నారుగా, ఇప్పుడు వెళ్ళండి చూద్దాం!" అన్నాను. ఆయన బెంచీ మీద కూర్చుని బూట్లకేసి చూస్తూ "అను, ఇంకా అను" అన్నారు. ఆ తర్వాత నాకు అనబుద్ధి కాలేదు.

మేము గది తీసుకున్న ఇంటావిడ పెద్దామె, ఇంగ్లీషు ముక్క రాదు, మా సంగతి ఎలా అర్థం చేసుకుందో గానీ ఒకరోజు నా ఎదుట నిలబడి అరచెయ్యి తన నడుము దగ్గర పెట్టి, ఇంత ఉంటుందా అన్నట్టు చూసింది. నేను ఆ చేతిని పట్టుకుని కాస్త కిందికి దించాను. ఆవిడ మర్నాడు నన్ను లాక్కుని అదే పల్లె చర్చికి తీసుకుపోయి చేతిలో కొవ్వొత్తి పెట్టింది. బొమ్మల ముందు దీపం పెట్టకూడదని మా అమ్మ నేర్పిన పాఠం గుర్తుంది, ఎందుకు పెట్టకూడదో గంటసేపు వాదించగలను కూడా, వెలిగించాను. వెలిగించాక తల ఎత్తి మా పిల్లని చూడాలనుకున్నాను, మెడ లేవలేదు. పైన అంతమంది పిల్లలు ఉన్నారు, ఎవరో ఒకరు నాకేసి చూస్తూ ఉంటారు కదా అనిపించి, నేలకేసి చూస్తూనే బయటికొచ్చాను.

ఎందుకు ఆపారో చెప్పనట్టే ఎందుకు ఇస్తున్నారో కూడా చెప్పకుండా ఒకరోజు ముద్రలు వేసిచ్చారు. క్యారీ చేరి తలుపు కొడితే, వరంగల్ అమ్మాయి తీసింది, పిల్ల ఆమె వెనక్కి జరిగి సోఫా చాటుకి పోయింది. ముద్దుగా పిలిచాను, బొమ్మ చూపించాను, రాలేదు. అప్పుడు చూశాను, నుదుటి మీద జుట్టు కనుబొమల పైకి అడ్డంగా, గీత గీసినట్టు కత్తిరించి ఉంది. ఇక ఆగలేదు. "నా పిల్ల జుట్టు ఎవరు కత్తిరించమన్నారు నిన్ను? నన్నొక మాట అడగొద్దూ?" అని ఇల్లు లేచిపోయేలా అరిచాను. ఆ అమ్మాయి గోడకి చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టింది. "కండ్లల్ల పడుతుంటె కోసిన అక్కా. ఇగ తిట్టుండ్రి, మీరు తిడ్తున్నరంటె వచ్చేసిండ్రన్నట్టు, నేనిగ పంటా." ఆ అరుపు విని సోఫా చాటు నుంచి పిల్ల బయటికొచ్చింది. పిలిస్తే రానిది, ఆ గొంతు గుర్తుపట్టి వచ్చింది.

ఆ తర్వాత చాన్నాళ్ళు పడుకోబోయే ముందు దానికి చర్చి కప్పు మీది పిల్ల సంగతే చెప్పేదాన్ని, అమ్మ దగ్గర అక్కడ కూడా ఒక నువ్వు ఉన్నావు, అన్నం మింగకుండా కూర్చున్నావు అని. ఆ పిల్లని వెతకడానికే మొన్న శనివారం ఆ చర్చికి వెళ్ళింది.

మళ్ళీ ఫోన్ మోగింది. "అమ్మా, ఫాస్ట్‌గా చెప్పు, దే ఆర్ క్లోజింగ్." ఏం చెప్పను? బొమ్మలన్నీ ఒకటొకటిగా పెద్దవి చేసి చూశాను. ఆ ముఖం గుర్తుపట్టాలంటే నాలుగేళ్ళ మా పిల్ల ముఖం నాకు తెలియాలి. వెళ్ళేముందు ముఖం తెలుసు, వచ్చాక ముఖం తెలుసు, మధ్యలో బుగ్గలు ఎప్పుడు కాస్త లోపలికి పోయాయో, సోఫా చాటు నుంచి నన్ను కొత్త మనిషిలా చూసిన ఆ చూపు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ముగ్గురు పిల్లలతో సతమతమైన ఆ వరంగల్ అమ్మాయికి ఫోటోలు తీసే తీరిక ఎక్కడిది? ఇప్పటికీ ఎవరింట్లో విందు జరిగినా అందరికీ ఆ జుట్టు కథే చెప్పి నవ్విస్తుంది, అంతే మిగిలింది.

ఇంకో బొమ్మ వచ్చింది. తలకి ఈకల కిరీటం, ఆ ఈకలు నుదుటి మీదికి వాలి కనుబొమల పైన అడ్డంగా తెగినట్టు ఉన్నాయి. కింద రాసింది: "ఇది నేనే. ఆంటీ కట్ చేసిన బ్యాంగ్స్ చూడు, లోల్."

మా ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇది కాదు కదా, మనం చూసింది ఎడమ వైపు, ఈకల్లేవు దానికి" అన్నారు. మొదటిసారి ఈయన గుర్తు కరెక్టే. మేము చూసిన పిల్లకి ఈకల్లేవు. నేను మాత్రం దానికి "అవును, ఇదే" అని టైప్ చేశాను, పొయ్యి ఆపేసి, ఆ కత్తిరించిన జుట్టు ముఖాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు మా అందరికీ నీలం రంగు అమెరికా పాస్‌పోర్టులు వచ్చాయి, అయినా నేను ఏ దేశం గడప దాటినా సంచీలో కాగితాల కట్ట పెట్టుకోకుండా దాటలేను. మా అమ్మాయి భుజానికి ఒక స్కెచ్ పుస్తకం తగిలించుకుని పోయింది. వెళ్ళేముందు, ఎలాగూ వెళ్తున్నావు కదా, అక్కడి నీలం పెంకులు నాలుగు తెచ్చిపెట్టు అన్నాను. "సారీ అమ్మా, నేను చూడటానికే వెళ్తున్నా" అంది. ఒక ఊరికి ఒక్క పని కోసం వెళ్ళడం మా ఇంట్లో దానికే చేతనయింది.