నలభై మూడో సంతకం

చంద్రకాంతమ్మ గారి రిటైర్మెంటుకు ఇంక ఏడాదే ఉంది. ఉత్తమ ఉపాధ్యాయిని అవార్డుకు ఫైలు పంపడానికి అదే ఆఖరి అవకాశం. "నాకూ ఆ శాలువా కప్పించుకోవాలని ఉండాది జయరావు సార్, అబద్ధమెందుకు" అని నాతో చెప్పుకున్నారు. పుత్తూరు దగ్గర ఆ ఇద్దరు టీచర్ల బళ్ళో రెండోవాణ్ణి నేను. నా చేతిరాతకు మండలంలో పేరుంది. అందుకే ఫైలంతా నేనే రాశాను.

అందులో అసలైన కాగితం ఒకటే. అక్షరాస్యత ఉద్యమం రోజుల నుంచి ఆవిడ రోజూ సాయంత్రం తల్లులచేత పలకలు పట్టించేవారు. బడిపిల్లల తల్లులు నలభై ముగ్గురూ వేలిముద్ర మానేశారని వాళ్ళ సంతకాలతో చూపించాలి. ఒక్క కొట్టివేత ఉన్నా చెల్లదట. నలభై రెండు వచ్చాయి. మిగిలింది మునెమ్మ. 'ము' రాసేది, 'నె' రాసేది, 'మ్మ' దగ్గరికొచ్చేసరికి ఒత్తు కుదరక పలక తుడిచేసేది.

మర్నాడే ఫైలు చిత్తూరు చేరాలి. ఈవిడేమో ఆగుదాం, వస్తుంది అంటారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరు చూడొచ్చారులే అని, ఆవిడ తరగతిలో ఉండగా మునెమ్మ సంతకం నేనే పెట్టేశాను. వంకరగా రాయబోయాను కానీ పాడు చెయ్యి, గుండ్రంగానే వచ్చింది.

మధ్యాహ్నం మునెమ్మ చేని నుంచి నేరుగా వచ్చింది. ఈరోజు రాస్తానని చెప్పి, కాగితం మీద వేలు పెట్టి పేర్లు చూసుకుంటూ కిందికొచ్చి ఆగిపోయింది.

"ఇది నా పేరే కదా టీచరమ్మా. ఎవురు రాసినారు?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ గుండ్రటి రాత ఎవరిదో ఆవిడకు తెలిసిపోయింది. పెన్ను తీసి నా రాతను అడ్డంగా కొట్టేశారు. చెల్లదు మేడమ్ అని గొణిగాను. తెలుసన్నారు. పెన్ను మునెమ్మ చేతికిచ్చారు.

"నీ పేరు నువ్వే రాయాల మునెమ్మా. నిదానంగా రాయి."

పది నిమిషాలు పట్టింది. 'మ్మ' గీత దాటి కిందికి జారింది.

ఫైలు వారంలో తిరిగొచ్చింది. కారణం కొట్టివేత.

రిటైరైన రోజున పుత్తూరులో శాలువా కొని తెచ్చాను. కప్పబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, తల్లుల మధ్య నిలబడ్డ మునెమ్మను చూపించారు.

"మునెమ్మకు ఇయ్యండి సార్. ఆమె కప్పుతాది."

ఇచ్చాను.