అంకయ్య కంట్లో రవ్వ

అంకయ్య మా వీధివాడు. మార్టూరు క్వారీలో ముప్పై ఏళ్లు ఉలి పట్టాడు. గ్రానైటు దిమ్మె ఎక్కడ పగులుతుందో చేత్తో తడిమి చెప్పేవాడు. చెప్పింది తప్పిన రోజు అన్నం ముట్టేవాడు కాదని భార్య పేరమ్మ అంటుంది. రెండేళ్లుగా ఆయాసం. మొన్న సీటీ స్కానులో కుడి ఊపిరితిత్తిలో గోళీకాయంత గడ్డ కనిపించింది. నన్ను తోడు రమ్మన్నారు.

"క్యాన్సరో, రాతిదుమ్ము పేరుకున్న గడ్డో సీటీలో తేలలేదు" అన్నారు గుంటూరు డాక్టరుగారు. "సూది గుచ్చి ముక్క తీయొచ్చు గానీ ఈ ఊపిరితిత్తి తట్టుకోవడం కష్టం. ముందు ఎమ్మారై చేద్దాం. రేడియేషన్ ఉండదు. దుమ్ముగడ్డయితే ఆ బొమ్మలో చాలావరకు నల్లగా పడుతుంది."

పోయినేడు అదే క్వారీ రోశయ్యకి సూది గుచ్చాక ఊపిరితిత్తి కుంగిపోయింది. మనిషి తిరిగి ఇంటికి రాలేదు. అంకయ్యకి ఎమ్మారై మీదే ఆశంతా.

స్కాను గది ముందు టెక్నీషియన్ బిందుమాధవి కాగితం పట్టుకుని అడిగింది. "ఒంట్లో ఇనుమేమన్నా ఉందా బాబాయ్?"

"రాయి తప్ప ఏముంది తల్లీ! ముప్పై ఏళ్లు అదేగా పీల్చింది."

ఆ పిల్ల నవ్వింది. పేరమ్మ నవ్వలేదు.

"కంట్లో రవ్వలు పడలా? చెప్పవేం?"

"సూదంటురాయి పెట్టి లాగేశారుగా!"

"ఒకటి లాగారు. రెండోదో?"

ఉలి అంచు చిట్లి కంట్లో పడితే క్వారీలో దాన్ని దెబ్బగా లెక్కెయ్యరు. మేస్త్రీ కంటి దగ్గర సూదంటురాయి పెడతాడు. వస్తే సరి, రాకపోతే "సర్దుకుంటుందిలే" అంటాడు. మధ్యాహ్నానికి మళ్లీ పని.

బిందుమాధవి కంటికి ఎక్స్‌రే తీయించింది. కుడి కనుగుడ్డు వెనక తెల్లటి చుక్క.

"ఈ మెషినే పెద్ద సూదంటురాయి బాబాయ్. రవ్వ కదిలితే చూపు పోతుంది."

"ఒక కన్నేగా. పోతే పోనీ, పెట్టమ్మా."

రవ్వ కంట్లోనే ఉందని అతనికి ముందే తెలుసని నాకప్పుడు అర్థమైంది.

"నేను పెట్టను బాబాయ్" అందా పిల్ల.

అంకయ్య పేరమ్మ మీద విరుచుకుపడ్డాడు. "నోరు మూసుకుని ఉండలేకపోయావా? తీసుకెళ్లి సూదికి అప్పజెప్పావు!"

"గుడ్డోణ్ణి చేసి తీసుకెళ్లమంటావా?" అందామె.

సోమవారం సూదికి రమ్మన్నారు. సంతకం పెట్టాడు.

బస్సు మార్టూరు చేరుతుంటే పాలిష్ యూనిట్ల తెల్లదుమ్ము కిటికీలోంచి కొట్టింది. పేరమ్మ పైటచెంగు అతని ముక్కుకి అడ్డం పెట్టింది. ఇన్నేళ్లూ దాన్ని విదిలించేవాడు. ఈసారి రెండు చేతులతో పట్టుకున్నాడు.