పల్లకి కింద చోటు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక సెప్టెంబరులో, హస్తకళల విభాగం అధికారిగా నన్ను స్పెయిన్‌లోని ఒక చిన్న కోట ఊరికి పంపారు. వెంట నిర్మల్ కొయ్యబొమ్మల కళాకారుడు రాజన్న. పొనికి చెక్కను చెక్కి, చింతగింజల ముద్దతో అతుకులు పూడ్చి, రంగులు వేసి చూపడం అతని పని. ఏటా మా కళాకారులను ఉత్సవానికి పిలిచేలా మేయరుతో ఒప్పందంపై సంతకం చేయించడం నా పని. అది కాకపోతే రాజన్న వీధిలోని బొమ్మల పనివాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే.

ఆ ఉత్సవంలో ఊరిని కాచే మాత కొయ్య విగ్రహాన్ని పెద్ద పల్లకిపై ఊరేగిస్తారు. చుట్టూ మఖ్మల్ తెరలు. మోసేవాళ్లు వాటి వెనుక ఎవరికీ కనపడరు. ఊరేగింపు రోజు మేయరు వచ్చి, ఆ మోసేవాళ్లలో నాకొక చోటు ఇస్తున్నామని దుభాషితో చెప్పించాడు.

నా ముఖం మాడింది. మాది ధర్మపురి దగ్గరి దొరల కుటుంబం. భూములు పోయాయి, గడీ కూలింది. అయినా మా తాత మేనాలో, బోయీల భుజాల మీద తిరిగినవాడు. మోత బోయీల పని. బృంద నాయకుడు వేదికపై కూర్చోవడమే మర్యాద అని చెప్పి, నా బదులు రాజన్నను పంపాను. మేయరు తలవంచి వెళ్లిపోయాడు. సంతకం మాట ఎత్తలేదు.

వేదికపై దుభాషి మెల్లగా అసలు సంగతి చెప్పింది. ఆ చోట్లు తండ్రి తర్వాత కొడుక్కి వస్తాయట. నాకివ్వబోయింది మేయరు సొంత చోటు.

దిగి పరుగెత్తాను. భుజాలు మార్చుకోవడానికి పల్లకి చర్చి మలుపులో ఆగింది. రాజన్న చెమటలు కక్కుతూ తెర ఎత్తి చూశాడు.

"ఏంది దొరా, కుర్సీల నిద్ర రాలేదా?"

తప్పు చేశానని, ఆ చోటు నాకిమ్మని అడిగాను.

"ధర్మపురి జాతరల మీ తాత మేనాల పోవుడు మా బాపు సూసిండట. మీరు మోసుడు నేను సూస్తా. రాండ్రి, జర వంగుండ్రి. గీడ నిటారుగ నిలవడితే తల పలుగుతది."

వంగాను. బజారు దాకా మోశాను. ముందెవరో వెనుకెవరో తెలియలేదు, అడుగు కలపడం తప్ప. బోయీల భుజానికి ఎంత బరువో యాభై తొమ్మిదో ఏట తెలిసింది.

మరునాడు మేయరు నా భుజం తట్టి ఒప్పందంపై సంతకం చేశాడు. పర్యటన నివేదికలో, నిర్వహించిన విధులు అన్నచోట, ‘పల్లకి మోత, చర్చి నుంచి బజారు దాకా’ అని రాశాను. పై అధికారి వివరణ అడగలేదు. మేయరుకు, రాజన్నకు నేను కృతజ్ఞుణ్ని. తర్వాత వెళ్లిన ప్రతి బృందానికీ ఒకే సూచన ఇచ్చాను: ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ మోయాలో ముందు ఆ ఊరివాళ్లను అడగండి.